రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన: చరిత్ర – భవితవ్యం

ఉపోద్ఘాతం:
గోదావరి తీర నగరాల్లో రాజమహేంద్రవరానికి విశిష్ట స్థానం ఉంది. ఈ నగరాన్ని ఆవలి ఒడ్డునున్న కొవ్వూరుతో తొలిసారి కలిపిన రైలు వంతెన హేవలాక్ వంతెన. స్థానిక వ్యవహారంలో ఇది 'పాత వంతెన'. దీని నిర్మాణ నేపథ్యాన్ని, సేవాకాలాన్ని, నేటి స్థితిని పరిశీలించి, పరిరక్షణ ఏ దిశలో సాగాలో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

నిర్మాణ నేపథ్యం:
ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టాలో సేద్యం విస్తరించింది. పంటల రవాణాకు కాలువలు మార్గాలయ్యాయి. 1893–96 మధ్యకాలంలో బెజవాడ, కటకంల నడుమ తూర్పు తీర రైలు మార్గం ఏర్పడింది. అయితే గోదావరి వద్ద మాత్రం ఆ మార్గం తెగిపోయి ఉండేది. ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, నది దాటి, మరొక ఒడ్డున రైలెక్కవలసి వచ్చేది. మద్రాసు, కలకత్తాల మధ్య ఎడతెగని రైలు ప్రయాణానికి ఈ నదిపై వంతెన అనివార్యమైంది.

1897 నవంబరులో పనులు ప్రారంభమయ్యాయి. గ్రాన్‌విల్ వాల్టన్ ఇంజనీరుగా వ్యవహరించాడు. 45.7 మీటర్ల చొప్పున 56 ఖానాలతో, రెండున్నర కిలోమీటర్లకు పైబడిన పొడవుతో రూపొందిన ఈ వంతెన 1900 ఆగస్టులో రాకపోకలకు సిద్ధమైంది. ఏటా వరదలు వచ్చే నదిలో మూడేళ్లలోపే ఇంతటి కట్టడం పూర్తికావడం గమనార్హం. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరును దీనికి పెట్టారు. గవర్నరు పేరు, ఇంజనీరు పేరు చరిత్రలో నిలిచాయి. నదీగర్భంలో పునాదులు తవ్విన కూలీల పేర్లు మాత్రం ఈ కథనంలో వినిపించవు.

సేవాకాలం:
1953, 1986 సంవత్సరాల పెనువరదలను తట్టుకొని ఈ వంతెన 1997 వరకు సేవలందించింది. అది ఒంటి రైలు మార్గం కావడంతో పెరిగిన రద్దీకి చాలలేదు. 1974లో పైన రోడ్డు, కింద రైలు మార్గం గల రెండవ వంతెన, 1997లో కాంక్రీటు ఆర్చి వంతెన నిర్మితమయ్యాయి. ఆర్చి వంతెన రాకతో పాత వంతెన విశ్రాంతి పొందింది. 2015లో నాలుగవ వంతెన వాహనాలకు అందుబాటులోకి వచ్చింది. తరువాతి వంతెనల విశాలమైన ఖానాల పక్కన పాత వంతెన ఇరుకు ఖానాలను చూస్తే, శతాబ్దకాలపు సాంకేతిక పరిణామం ఒకే చోట కళ్లకు కడుతుంది.

భవితవ్యం:
వాడుకలో లేని ఉక్కు కట్టడాన్ని తుక్కుగా లెక్కించవచ్చు, వారసత్వంగానూ భావించవచ్చు. ఈ రెండు దృష్టుల మధ్య వంతెన చాలాకాలం అనిశ్చితిలో నిలిచింది. దీనిని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే ప్రతిపాదన, 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో చోటుచేసుకుంది. 2027 గోదావరి పుష్కరాలు సమీపిస్తున్నందున ఈ అంశానికి ప్రాధాన్యం పెరిగింది.

అయితే సుందరీకరణ వేరు, పరిరక్షణ వేరు. దీపాలంకరణ, ఆహారశాలలు సందర్శకులను రప్పించగలవు గాని, తుప్పును ఆపలేవు. సందర్శకుల బరువును అనుమతించడానికి ముందు స్తంభాల, గర్డర్ల పటిష్ఠతను శాస్త్రీయంగా పరీక్షించాలి. మూలరూపం మరుగున పడకుండా మార్పులను పరిమితం చేయాలి. నిర్మాణ పటాలను, రైల్వే దస్త్రాలను, పాత కార్మికుల మౌఖిక కథనాలను సేకరించి, వంతెన వద్దనే ప్రదర్శించాలి. ఈ మూడింటిలో మౌఖిక కథనాల సేకరణే అత్యవసరం. ఉక్కును మరమ్మతు చేయవచ్చు. వంతెనపై పనిచేసినవారి జ్ఞాపకాలు వారితోనే అంతరిస్తాయి.

ముగింపు:
2022 జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. ఒకప్పుడు రెండు జిల్లాలను కలిపిన వంతెన ఇప్పుడు ఒకే జిల్లాలోని రెండు ఒడ్లను కలుపుతోంది. కాబట్టి దాని పరిరక్షణ రాజమహేంద్రవరం వైపు ఘాట్లకే పరిమితం కాకుండా కొవ్వూరు వైపూ సమానంగా సాగాలి. ఒక ఒడ్డుననే ఆగిపోతే అది వంతెన కాదు, వేదిక మాత్రమే అవుతుంది.