ఇబ్రాహీం (అ) దస్తర్‌ఖాన్: పాలస్తీనాలో విద్యార్థి అతిథులు

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి అపరిచితులైన అతిథులు వచ్చిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోని జారియాత్ సూరాలో ఉంది. వచ్చినవారు దైవదూతలని తెలియకముందే ఆయన లోపలికి వెళ్ళి, బలిసిన దూడను వండించి తెచ్చి వారి ముందుంచారు. ఆ ప్రవక్త సమాధి ఉన్నదని ముస్లిములు భావించే పాలస్తీనా పట్టణానికి ఆయన బిరుదే పేరయింది. అదే అల్ ఖలీల్, అంటే హెబ్రాన్.

పాలస్తీనీయుల అతిథి మర్యాదను వారి మంచితనంగా మెచ్చుకుని ఊరుకోవడం పరిపాటి. చరిత్రను పరిశీలిస్తే దాని వెనుక ఒక పటిష్ఠమైన వ్యవస్థ కనిపిస్తుంది. ముఖ్యంగా విద్యార్జనకై వచ్చిన పరదేశికి అన్నం, నీడ, గురువు దొరికేలా చూసిన వ్యవస్థ అది.

పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో 1047లో అల్ ఖలీల్‌ను దర్శించారు. అక్కడికి వచ్చిన ప్రతివారికీ రొట్టె, ఆలివ్ నూనెలో వండిన పప్పు, ఎండుద్రాక్ష ఇస్తారనీ, కొన్ని రోజుల్లో అతిథుల సంఖ్య ఐదువందలకు చేరుతుందనీ ఆయన వ్రాశారు. ఈ ఖర్చును వక్ఫ్ ఆస్తుల ఆదాయం భరించేది. ఆ సంప్రదాయానికి వారసత్వంగా అల్ ఖలీల్‌లోని ఇబ్రాహీమీ తకియా నేటికీ పేదలకు అన్నం పెడుతోంది.

ఆ శతాబ్దం చివరలో అందలూసియాలోని ఇష్బీలియా (సెవిల్లె) నుండి అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ అనే యువకుడు తండ్రితోపాటు బైతుల్ మఖ్దిస్ చేరాడు. వారు 1092లో స్వదేశం విడిచారు. తండ్రి హజ్‌కు బయలుదేరుదామనుకున్నా, ఇక్కడి పండితుల విద్య గ్రహించనిదే కదలనని కుమారుడు పట్టుబట్టాడు. మూడేళ్ళకు పైగా అక్కడే ఉండి షాఫయీ, హనఫీ మద్రసాల చర్చలు విన్నాడు. నాబ్లుస్‌లో కొన్ని నెలలు నివసించి, అక్కడి స్త్రీల శీలాన్నీ మర్యాదనూ తరువాత తన గ్రంథంలో ప్రశంసించాడు. ఆతిథ్యం పొందిన విద్యార్థి స్వదేశానికి చేర్చిన సాక్ష్యమది. 1099లో శిలువ యోధులు నగరాన్ని ఆక్రమించడంతో ఆ విద్యాసభలు చెదిరిపోయాయి. అవి ఎలా సాగాయో మనకు తెలియడానికి ఆ అతిథి రచనలు ఒక ముఖ్య ఆధారం.

1187లో సలాహుద్దీన్ అయ్యూబీ నగరాన్ని విడిపించిన తరువాత వక్ఫ్ వ్యవస్థ మరింత బలపడింది. ఆయన కుమారుడు అల్ అఫ్జల్ 1193లో హరమ్ షరీఫ్ పడమటి గోడ పక్కనున్న ప్రాంతాన్ని మగ్రిబ్ దేశస్థుల కొరకు వక్ఫ్ చేశారు. 1320లో అబూ మద్యన్ జావియా వక్ఫ్ దానికి తోడయింది. ఐన్ కారిం గ్రామ ఆదాయం ఆ అతిథుల పోషణకు వినియోగమయ్యేది. హిందూ దేశపు వారికీ అక్కడ చోటుంది. బాబా ఫరీద్ (రహ్మతుల్లాహి అలైహి) బస చేశారని సంప్రదాయం చెప్పే హిందీ జావియా, బాబుజ్జహ్రా ద్వారం సమీపంలో ఉంది. 1924లో సహారన్‌పూర్ నుండి వెళ్ళిన నజీర్ హసన్ అన్సారీ దానిని పునరుద్ధరించారు. ఆ రోజుల్లోనే మస్జిదె అఖ్సా మరమ్మతుల కొరకు భారతదేశానికి వచ్చిన పాలస్తీనా ప్రతినిధివర్గానికి హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళమిచ్చారు. ఆతిథ్యం ఏకపక్షం కాదనడానికి ఇది నిదర్శనం.

1967 జూన్ యుద్ధంలో హిందీ జావియా దెబ్బతిన్నది. అన్సారీ కుటుంబ సభ్యులు కొందరు మరణించారు. జూన్ 10వ తేదీ రాత్రి మొదలుపెట్టి మగ్రిబీ పేటను ఇస్రాయీలు సైన్యం కూల్చివేసింది. దాదాపు 135 ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఏడు శతాబ్దాలకు పైగా పరదేశులకు నీడనిచ్చిన పేట ఒక్కసారిగా మైదానమైంది.

వ్యవస్థను కూల్చగలిగారు గాని అలవాటును కూల్చలేకపోయారు. 1924లో నబీహా నాసిర్ అనే క్రైస్తవ మహిళ స్థాపించిన బీర్‌జైత్ పాఠశాల 1975లో విశ్వవిద్యాలయమైంది. 1988 జనవరిలో సైనిక ఉత్తర్వుతో దానిని మూసివేశారు. 1992 ఏప్రిల్ వరకు అది తెరుచుకోలేదు. ఆ నాలుగేళ్ళూ తరగతులు ఇళ్ళలోనూ కార్యాలయాలలోనూ నడిచాయి. పూర్వం మద్రసా చేసిన పనిని గృహిణి ముందుగది చేసింది. 1994లో అదే విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులకు అరబీ భాష, పాలస్తీనా అధ్యయన కోర్సు ప్రారంభించింది. మరుసటి ఏడు బైత్ సాహూర్‌లో ఏర్పడిన ఒక పర్యాటక సంస్థ సందర్శకులకు స్థానిక కుటుంబాలలో బస కల్పించసాగింది. విద్యార్థి బృందాలు ఆ ఇళ్ళలో రొట్టె, జైతూన్ నూనె పంచుకున్నాయి. సైనిక తనిఖీ కేంద్రాల వద్ద ఆ ఇంటివారు గంటల తరబడి ఎలా నిలబడవలసి వస్తుందో కూడా చూశాయి.

2023 అక్టోబరు తరువాత గాజాలోని విశ్వవిద్యాలయాలన్నీ ధ్వంసమయ్యాయి లేదా తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఈ స్థితిలో అతిథి బాధ్యత ఏమిటి? అతిథిని గౌరవించడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) విశ్వాస లక్షణాలలో చేర్చారు. అతిథి కూడా ఇంటివారిని ఇబ్బందిపెట్టేంత కాలం ఉండరాదని బోధించారు. తిన్న రొట్టెకు వెల కట్టలేము. ఆ ఇంట చూసినదాన్ని హెచ్చించకుండా, తగ్గించకుండా తన వారికి తెలియజేయడం మాత్రం అతిథిపై ఉన్న అమానత్. ఇబ్నుల్ అరబీ ఆ అమానత్‌ను తీర్చాడు గనుకనే తొమ్మిది శతాబ్దాల తరువాత కూడా ఆ నగరపు విద్యాసభలు మనకు వినిపిస్తున్నాయి.