నౌపడ – పర్లాకిమిడి రైలుమార్గం: పెట్టుబడి ఎవరిది? ఫలం ఎవరిది?

మద్రాసు – కలకత్తా రైలుమార్గంలో ఆమదాలవలస వద్ద దిగినవారికి స్టేషను పలకమీద కనిపించే పేరు శ్రీకాకుళం రోడ్డు. పట్టణమేమో అక్కడికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, నాగావళి ఒడ్డున ఉన్నది. రైల్వేవారి పరిభాషలో ఒక ఊరిపేరు చివర “రోడ్డు” అని తగిలించారంటే, రైలు ఆ ఊరికి రాదు, ఇక్కడ దిగి బండి కట్టించుకొని పోవలెనని అర్థం. ఈ చిన్న మాటలో ఒక పెద్ద విషయం ఇమిడి ఉన్నది. తొలినాటి పెద్ద రైలుమార్గాలు జిల్లాలోని ఊళ్ళను కలపటానికి వేసినవి కావు. రేవులను, రాజధానులను కలపటానికి వేసినవి. మధ్యనున్న ఊరు దారిలో పడితే అదృష్టం, పడకపోతే “రోడ్డు”.

తూర్పుతీరపు రైలుమార్గానికి మరొక కారణం కూడా ఉన్నది. 1866లో ఒరిస్సాలో ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారని అంచనా. దక్షిణాన గంజాం జిల్లాకు కూడా ఆ బాధ తగిలింది. నేటి శ్రీకాకుళం ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలోనిదే. దేశంలో ధాన్యం బొత్తిగా లేకపోయిందని కాదు. వర్షాలు పట్టిన తరువాత ఓడలనుండి బియ్యాన్ని ఒడ్డుకు దించటం, దించినదాన్ని బురదదారులలో లోపలి గ్రామాలకు చేర్చటం సాధ్యం కాలేదు. కొంతకాలానికి, 1880లో కరువు కమిషనువారు తమ నివేదికలో, కరువులనుండి దేశాన్ని కాపాడాలంటే మొత్తం 20,000 మైళ్ళ రైలుమార్గం కావాలనీ, అందులో 5,000 మైళ్ళు వెంటనే వేయాలనీ చెప్పారు. ఆ తరువాతి దశకంలో, 1893 – 1896 సంవత్సరాల మధ్య, ఈస్టు కోస్టు స్టేటు రైల్వే దొరతనంవారి సొంత సొమ్ముతోనే మన తీరంవెంట సాగింది. 1902లో దాని ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతికి వచ్చింది.

పెద్దమార్గం వచ్చింది, సరే. కాని ధాన్యం పండే వంశధార లోయ, కొండసరుకులు దిగే గుణుపురం, పర్లాకిమిడి వంటి ఊళ్ళు పట్టాలకు 20, 30, 50 మైళ్ళ ఎడంగా ఉండిపోయాయి. ఎడ్లబండి రోజుకు 12 – 15 మైళ్ళకు మించి నడవదు. వానకాలంలో అదీ లేదు. ఈ కొమ్మదారులు ఎవరు వేయాలి? సొమ్ము ఎక్కడనుండి రావాలి?

ఆనాటికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది కంపెనీల పద్ధతి. ఇంగ్లండులోని వాటాదారులు పెట్టుబడి పెడతారు. లాభం రాకపోయినా నూటికి సాలీనా 5 రూపాయల వడ్డీ మేము ఇప్పిస్తామని దొరతనంవారు హామీ ఇస్తారు. లాభం వస్తే వాటాదారులకు, నష్టం వస్తే మన ఖజానాకు అన్నమాట. ఇంత సుఖమైన వ్యాపారం మరొకటి ఉండదు. ఖర్చు తగ్గించాలనే పట్టుదల ఆ కంపెనీలకు లేకపోవటంలో ఆశ్చర్యమేమున్నది? రెండవది, దొరతనమే వేయటం. మూడవది, స్థానికులే తమమీద తాము భారం వేసుకోవటం. చెన్నరాజధానిలో జిల్లాబోర్డులు భూమిపై స్వల్పమైన పన్ను వేసి, ఆ నిధితో రైళ్ళు వేసుకొన్నాయి. తంజావూరు జిల్లాబోర్డు దీనికి దారి చూపింది. మన ఆంధ్రదేశంలో 1908లో వచ్చిన బెజవాడ – బందరు మార్గం కృష్ణాజిల్లా బోర్డుది; 1916లో వచ్చిన తెనాలి – రేపల్లె మార్గం గుంటూరు జిల్లాబోర్డుది. ఈనాటి ప్రయాణికులకు ఆ సంగతి తెలియదు గాని, ఆ పట్టాల కింద రైతుల పన్ను ఉన్నది.

పర్లాకిమిడిలో ఈ పని బోర్డు ద్వారా గాక జమీందారు ద్వారా జరిగింది. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవు తన రాజధానిని పెద్దమార్గంమీది నౌపడతో కలపదలచారు. 1898లో దొరతనంవారి అనుమతి లభించింది. 1900 ఏప్రిల్ 1న బండ్లు నడవటం మొదలైంది. పొడవు 25 మైళ్ళు. ఖర్చు 7 లక్షల రూపాయలు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా ఈ మార్గం పర్లాకిమిడి చేరుతుంది. నౌపడ ఉప్పుకొఠార్లకు పేరుపడిన చోటు. సముద్రపు ఉప్పు కొండలవైపు పోవటం, కొండలనుండి ధాన్యం, అటవీసరుకులు కిందికి దిగటం ఈ తీరంలో తరతరాల వ్యాపారం. లంబాడీలు పెరికెద్దులమీద చేసిన పనినే ఇప్పుడు ఆవిరియంత్రం చేయనారంభించింది.

ఏడు లక్షలను 25తో భాగిస్తే మైలు ఒక్కింటికి 28,000 రూపాయలు. ఇంత చౌకగా ఎలా సాధ్యమయింది? రహస్యమంతా గేజిలో ఉన్నది. గేజి అనగా రెండు పట్టాల మధ్యనున్న ఎడం. పెద్దమార్గంలో అది అయిదున్నర అడుగులు. పర్లాకిమిడి మార్గంలో రెండున్నర అడుగులు మాత్రమే. ఎడం తగ్గితే కట్ట వెడల్పు తగ్గుతుంది, మట్టిపని తగ్గుతుంది, అడ్డచెక్కలు పొట్టివైనా సరిపోతాయి, వంతెనలు సన్ననివి చాలు. అన్నిటికంటె ముఖ్యమైనది మలుపుల సంగతి. రైలుబండి చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఎడ్లబండి చక్రాలవలె దేనికది తిరగవు. మార్గం మలుపు తిరిగినప్పుడు బయటిపట్టా లోపలిపట్టాకంటె పొడవుగా ఉంటుంది. పాఠకులు ఈ లెక్కను కాగితంమీద తామే వేసి చూడవచ్చును. మార్గం నాలుగవవంతు వృత్తం తిరిగితే, అయిదున్నర అడుగుల గేజిలో ఈ తేడా సుమారు 8 అడుగుల 8 అంగుళాలు. రెండున్నర అడుగుల గేజిలో 3 అడుగుల 11 అంగుళాలే. అందుచేత చిన్నగేజి బండి చిన్న మలుపులో కూడా ఒరుసుకోకుండా తిరగగలదు. గుట్ట అడ్డమొస్తే తవ్వనక్కరలేదు, చుట్టి పోవచ్చును. చెరువు వస్తే గట్టు వెంబడి పోవచ్చును.

ఈ విద్యలో ఆనాటికి ఆరితేరినవాడు ఎవరార్డు కాల్త్రాప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1897లో మహారాష్ట్రంలో తెరచిన బార్సీ లైటు రైల్వే ఆయన సృష్టి. అదికూడా రెండున్నర అడుగుల గేజే. ఇంజనుగాని, పెట్టెగాని, ఏ ఇరుసుమీదా అయిదు టన్నులకు మించి బరువు పడకూడదని ఆయన నియమం పెట్టుకొన్నాడు. బరువును ఎక్కువ ఇరుసులమీద సమంగా పంచితే, గజానికి 30 పౌనులు తూగే తేలికపట్టాలు చాలునని నిరూపించాడు. పర్లాకిమిడి మార్గం సిద్ధమైన కాలానికే ఇంజనీర్ల ముందు ఈ ఉదాహరణ ఉన్నది.

కాని చౌకదనానికి తన వెల తనకున్నది. చిన్నగేజి పెట్టె పెద్దగేజి పట్టామీద నడవదు. నౌపడలో ప్రతి బస్తానూ దించి, మోసి, పెద్దపెట్టెలోకి ఎక్కించవలసినదే. రైతు తన ధాన్యాన్ని బండిమీద పర్లాకిమిడి స్టేషనుకు తెస్తాడు. అక్కడ ఒక ఎత్తుకూలి. నౌపడలో దించినకూలి, ఎక్కించినకూలి. చేరిన ఊళ్ళో మళ్ళీ దించినకూలి. అంత తంటా ఎందుకని, రెండురోజులు పట్టినా సరే, ఇంటివద్ద కట్టిన బండిని నేరుగా నౌపడకు తోలుకొనిపోతే ఒక దింపుడు, ఒక ఎక్కింపుడు మిగులుతాయి. దూరం 25 మైళ్ళే గనుక రైలుకూ ఎద్దుకూ పోటీ సమానంగానే నడిచిందనుకోవాలి.

ఇప్పుడు జమాఖర్చుల మాట. 7 లక్షలకు నూటికి సాలీనా 4 రూపాయల వడ్డీ అనుకొని లెక్కకడితే ఏడాదికి 28,000 రూపాయలు, అనగా ఒక మైలు మార్గం వేయటానికి అయిన ఖర్చంత ఏటా వడ్డీకే పోవాలి. రోజుకు 77 రూపాయలు. బొగ్గు, జీతాలు, మరమ్మతులు పోగా ఈ మొత్తం మిగిలితే తప్ప పెట్టుబడికి న్యాయం జరిగినట్లు కాదు. అసలు జరిగిందేమిటంటే, మొదటి పదేళ్ళు ఈ మార్గం నష్టాలలోనే నడిచింది. 1910 తరువాత కొద్దిపాటి లాభాలు కనిపించాయి. 1924 – 25 తరువాతనే చెప్పుకోదగిన లాభం వచ్చింది. అంటే పాతికేళ్ళు ఓపికపట్టిన పెట్టుబడి ఇది. ఏ లండను కంపెనీ అయినా హామీ లేకుండా ఇంతకాలం ఆగి ఉండేదా అన్నది అనుమానమే.

మార్గం నష్టంలో నడిచినంత మాత్రాన అది నిష్ప్రయోజనమని చెప్పటానికి వీలులేదు. 1844లో జూల్ ద్యుపుయి అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ చిక్కును చక్కగా విడదీశాడు. వంతెనవద్ద వసూలైన సుంకం ఆ వంతెన విలువ కాదన్నాడాయన. ఒకణా సుంకం ఇచ్చి దాటేవారిలో కొందరు నాలుగణాలైనా ఇచ్చి దాటేవారే. వారికి మిగిలిన మూడణాల ప్రయోజనం ఏ పెట్టెలోనూ పడదు, ఏ లెక్కలోనూ ఎక్కదు. కాని అది నిజమైన ప్రయోజనమే. పర్లాకిమిడి మార్గం వేసిన మొదటి పదేళ్ళలో ఇలాంటి ప్రయోజనం వ్యాపారికి, రైతుకు, రోగికి, విద్యార్థికి ఎంత ముట్టిందో రాజావారి ఖాతాపుస్తకం చెప్పదు. రైలువేసినవాడి నష్టం, రైలెక్కినవాడి లాభం రెండూ ఒకేకాలంలో నిజం కావచ్చును.

అయితే నష్టం భరించినది రాజావారేనా? జమీందారు ఆదాయం రైతుల శిస్తునుండి వచ్చిందే గదా. తంజావూరు, కృష్ణా రైతులు పన్ను కట్టినా, బోర్డులో ఆ లెక్క అడిగే అవకాశం కొంతైనా ఉన్నది. పర్లాకిమిడి రైతు శిస్తు రూపంలో పెట్టుబడి ఇచ్చాడు, మళ్ళీ టిక్కెట్టూ కొన్నాడు. మార్గం ఎటు పోవాలని అతన్ని అడిగినవారు లేరు. రాజావారి దూరదృష్టిని మెచ్చుకొనేవారు ఈ సగాన్ని మరచిపోవటం న్యాయం కాదు.

లాభాలు కనిపించిన తరువాత కృష్ణచంద్ర గజపతివారి కాలంలో మార్గాన్ని వంశధార వెంబడి గుణుపురం వరకు రెండు విడతలుగా, 1929లోను 1931లోను పొడిగించారు. మొత్తం 56 మైళ్ళయింది. ఇది గణితానికి కూడా ఒప్పిన పని. ఎత్తుకూలి, దింపుకూలి దూరంతోబాటు పెరగవు. 25 మైళ్ళకైనా 56 మైళ్ళకైనా అంతే. కాబట్టి దూరం పెరిగినకొద్దీ మైలుకు పడే కూలి తగ్గుతుంది, ఎద్దు ఓడిపోతుంది.

సరిగ్గా ఆ కాలంలోనే దక్షిణాన మరొక పెద్దపని పూర్తి అవుతూ ఉన్నది. విజయనగరంనుండి పార్వతీపురానికి 1909 నాటికే వచ్చిన మార్గాన్ని కొండలు దాటించి 1931లో రాయపూరు చేర్చారు. మధ్యపరగణాల ఖనిజాలకు, సరుకులకు సముద్రం చూపించటం దాని ఉద్దేశం. 1933లో విశాఖపట్టణం రేవు తెరవబడింది; దానికి 378 లక్షల రూపాయలు ఖర్చయింది. పర్లాకిమిడివంటి మార్గాలు యాభైకి పైగా వేయదగిన సొమ్ము ఒక్క రేవులో పోశారు. ఆ పెట్టుబడి ఫలించిందనటంలో సందేహం లేదు. కాని కళింగపట్నం, భీమునిపట్నం వంటి పాతరేవులు వెలవెలబోయాయి. ఒకచోట వేసిన మార్గం మరొకచోటి మార్గాన్ని ఎండగట్టటం రవాణాచరిత్రలో తరచు కనిపించే విషయమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదలి రాజమహేంద్రవరం చేరినది ఆ సంవత్సరమే. ఒకే జమీందారీ సొమ్ముతో వేసిన మార్గానికి ఇద్దరు రాష్ట్రప్రభుత్వాలు ఏర్పడ్డాయి. ఇటువంటి మార్గాలకు ఒక ప్రత్యేకమైన బెడద ఉన్నది. బాగుచేయమని అడిగే గొంతు రెండుగా చీలుతుంది. ప్రతివారూ ఖర్చు అవతలివారి వంతు అనుకొంటారు.

గేజి మార్పుకు ఎంతోకాలం పట్టటం మనం చూసినదే. 2004లో చిన్నబండి ఆగిపోయింది. పెద్దగేజి బండి గుణుపురం చేరినది 2011లో. మధ్యనున్న ఏడేళ్ళూ ఆ లోయకు రైలే లేదు. వేసేందుకు 1898 అనుమతినుండి రెండేళ్ళు పట్టిన 25 మైళ్ళను, తక్కినదానితో కలిపి మార్చేందుకు ఏడేళ్ళు పట్టింది. పెద్దగేజికి కట్ట వెడల్పు చేయాలి, మలుపులు సరిచేయాలి, వంతెనలన్నీ కొత్తవి కావాలి; నిజమే. కాని నిధులు విడతలు విడతలుగా రావటంవల్ల ఆలస్యమైన పని, ఆలస్యమైనన్నాళ్ళూ ఖర్చును పెంచుకొంటూనే పోతుంది. రైల్వేవారు కొత్తమార్గాలకు చాలాకాలం నూటికి 14 వంతున రాబడి ఉండాలని కొలబద్ద పెట్టుకొన్నారు. ఆ కొలబద్దతో 1900లో కొలిచి ఉంటే, పదేళ్ళు నష్టపడిన పర్లాకిమిడి మార్గం కాగితం దాటి ఉండేది కాదు.

నౌపడకు దగ్గరలోనే, సంతబొమ్మాళి మండలం మూలపేటవద్ద 2023 ఏప్రిల్‌లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. 4,362 కోట్ల రూపాయల పథకమని ప్రకటించారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుణుపురంనుండి తెరువలికి 73.62 కిలోమీటర్ల కొత్తమార్గానికి ఆమోదం తెలిపింది. తెరువలి విజయనగరం – రాయపూరు మార్గంమీది స్టేషను. ఆ ముక్క పూర్తి అయిననాడు, 1931లోనే పూర్తి అయి ఒకదానికొకటి ఎడంగా ఉండిపోయిన రెండు మార్గాలు కలుస్తాయి. రాయపూరు వైపునుండి వచ్చే సరుకు విజయనగరం దాకా దిగకుండా వంశధార లోయగుండా నౌపడకు చేరగలుగుతుంది.