సాక్షికి బత్తా, నిపుణుడికి ప్రతిఫలం

మైలవరం జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనైనా, కృష్ణా సీమలోని మరే కోర్టులోనైనా ప్రామిసరీ నోటు దావాలకు కొదవ ఉండదు. అప్పిచ్చానంటూ వాది నోటు దాఖలు చేస్తాడు. ఆ చేవ్రాలు నాది కాదని ప్రతివాది జవాబు దావా వేస్తాడు. నోటు రాసిన లేఖరి, దాని మీద సాక్షి సంతకం పెట్టిన మనిషి బోనెక్కి తాము చూసింది చెప్పి వెళ్తారు. వాళ్లకు దక్కేది రాకపోకల ఖర్చు, బత్తా. అప్పటికీ విషయం తేలకపోతే సంతకాన్ని నిపుణుడికి పంపమని పిటిషన్ పడుతుంది. ఆ నిపుణుడు లావాదేవీని కళ్లారా చూసినవాడు కాడు. ఒప్పుకున్న సంతకాలనూ తగువులో ఉన్న సంతకాన్నీ భూతద్దం కింద పక్కపక్కన పెట్టుకుని, కలం ఎక్కడ ఆగింది, ఎక్కడ లేచింది, గీత వేగంగా సాగిందా వణికిందా, ఆ వణుకు వయసుదా లేక చూసి దించడం వల్ల వచ్చిందా అని పరిశీలిస్తాడు. ఈ పనికి ప్రతిఫలం అడుగుతాడు. నివేదిక ఎవరికి గిట్టకపోతే వారి తరఫు వకీలు క్రాస్‌లో ఆ సొమ్ము సంగతే ముందు ఎత్తుతాడు. డబ్బు పుచ్చుకున్నవాడి మాటకు విలువేమిటన్న ఈ అనుమానం పాతది. దానికి చరిత్ర ఇచ్చే జవాబు వేరు: నిపుణుణ్ని శంకించడానికి జీతభత్యాలు ఎప్పుడూ అసలు కారణం కాదు, అతను చెప్పిన కారణాలను పరీక్షించే దారి లేకపోవడమే కారణం.

1802లో మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులు వెలిశాయి. వాటిపై అప్పీళ్లు వినే నాలుగు ప్రొవిన్షియల్ కోర్టుల్లో ఉత్తర విభాగానిది బందరులో కూర్చునేది. హిందూ ధర్మశాస్త్రం తెలియని ఇంగ్లీషు జడ్జీలకు అది విప్పిచెప్పడానికి పండితులను, ముస్లిం ధర్మం చెప్పడానికి ఖాజీలను ఈస్టిండియా కంపెనీ జీతమిచ్చి పెట్టుకుంది. దత్తత చెల్లుతుందా, వారసత్వం ఎవరిది అన్న ప్రశ్న వస్తే పండితుడు ‘వ్యవస్థ’ అనే శాస్త్రాభిప్రాయం రాసిచ్చేవాడు. జమీందారీలు నిండిన ఈ సీమలో ఆ ప్రశ్నల మీద వేల ఎకరాలు చేతులు మారేవి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇద్దరిని దత్తత తీసుకోవడంతో మొదలైన వ్యాజ్యం ఆయన పోయాక ఏళ్ల తరబడి నడిచింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఇలాంటి వ్యాజ్యాల్లో శాస్త్రం చెప్పేవాడి మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పండితులు కక్షిదారుల దగ్గర పుచ్చుకునేవాళ్లు కారు, కోర్టు కొలువులో ఉన్నవాళ్లు. అయినా అనుమానం వదల్లేదు. అంతకు ముందే కలకత్తాలో జడ్జి విలియం జోన్స్ పండితుల దయాదాక్షిణ్యాల మీద తీర్పులు చెప్పలేనని సంస్కృతం నేర్చుకున్నాడు, ధర్మశాస్త్ర సంకలనానికి పూనుకున్నాడు. ఆయన బాధ జీతం గురించి కాదు. పండితుడు ఏ శ్లోకాన్ని ఎలా అన్వయించాడో జడ్జికి తెలిసే వీలు లేకపోవడమే ఆయనను కలవరపెట్టింది. గ్రంథాలు అచ్చయ్యి, పాత తీర్పులు పోగుపడ్డాక, 1864లో చట్టం చేసి ఆ కొలువులనే ఎత్తేశారు. జీతం కోర్టు ఇచ్చినా శంక మిగిలిందంటే, ఇవాళ కక్షిదారు ఇచ్చే ప్రతిఫలం మీదే నింద మొత్తం మోపడం సరికాదని నా వాదన.

ప్రతిఫలం ఎందుకు ఇవ్వాలో ఇంగ్లండులో 1843లో వెబ్ వర్సెస్ పేజ్ కేసులో జస్టిస్ మౌల్ తేటగా విడమరిచాడు. దారిన పోతూ ఒక సంగతి చూసినవాడికి దాన్ని చెప్పడం పౌరధర్మం, అతని బదులు మరొకర్ని తేలేం. వృత్తి నైపుణ్యం కోసం పిలిచినవాడి సంగతి వేరు, అతనికి ఆ బాధ్యత లేదు, కనుక తన సమయానికి వెల అడగవచ్చు. 2024 దాకా అమల్లో ఉన్న మన 1872 సాక్ష్య చట్టం 45వ సెక్షన్ నిపుణుల అభిప్రాయానికి చోటిచ్చింది, 1899లో అందులో వేలిముద్రలు చేరాయి. నిశానీ వేసే రైతులున్న సీమకు అది చిన్న మార్పు కాదు. అభిప్రాయానికి ఆధారమైన కారణాలు కూడా విచారణకు వస్తాయని అదే చట్టం 51వ సెక్షన్ చెప్పింది. జోన్స్ కాలంలో కొరవడింది సరిగ్గా ఇదే. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు రెండో రూలు మిగతా పని పూర్తి చేసింది: సాక్షి ఖర్చులు ముందుగా కోర్టులో జమ కావాలి. నిపుణుడైతే బోనులో గడిపిన సమయానికే కాక, కేసు కోసం చేసిన నైపుణ్య పనికీ సముచిత ప్రతిఫలాన్ని కోర్టు మంజూరు చేయవచ్చు. మొత్తాన్ని నిర్ణయించేది కోర్టు, సొమ్ము వెళ్లేది కోర్టు ద్వారా.

నేరవిచారణలో ఈ సదుపాయం ఇలా పెరగలేదు. మద్రాసులో 1849లోనే ప్రభుత్వ రసాయన పరీక్షకుడి లాబొరేటరీ ఏర్పడింది, ఆయన్ని పిలవకుండానే నివేదికను సాక్ష్యంగా తీసుకునే వీలూ తర్వాత కోడ్‌లలో వచ్చింది. పోస్టుమార్టం చేసిన ప్రభుత్వ డాక్టరు సాక్ష్యం ఉద్యోగ విధిలో భాగం. 2024 దాకా అమల్లో ఉన్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 312వ సెక్షన్ ఫిర్యాదీకి, సాక్షికి ‘సముచిత ఖర్చులు’ అంది తప్ప నిపుణుడి ప్రతిఫలం ఊసెత్తలేదు. జీతం తీసుకునేవాడికి మళ్లీ ఎందుకు అనేవాళ్లది తోసిపుచ్చరాని మాటే. కానీ ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల తగాదాలో ప్రయోగశాల చేసే పనికి ఖజానా ఎందుకు భరించాలి? అక్కడ ఫీజు న్యాయం.

అసలు అభ్యంతరం రెండోది: డబ్బిచ్చినవాడి పాటే నిపుణుడు పాడతాడని. అలాంటివాళ్లు ఉన్నారు, దాచాల్సిన పనిలేదు. అయితే దానికి మందు ప్రతిఫలం రద్దు చేయడమా? ఉచితంగా వచ్చే నిపుణుడు ఏదో ఒక పక్షం చుట్టమో, మరో ఆశ ఉన్నవాడో అవుతాడు, పని తెలిసినవాడు మాత్రం రాడు. మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, గుత్తిలో పుట్టిన మన తెలుగువాడు, ఈ శంకను సూటిగా ఎదుర్కొన్నారు. నిపుణుడు నేరంలో పాలుపంచుకున్నవాడు కాడు, అతని సాక్ష్యాన్ని ఆ దృష్టితో చూడడం తగదన్నారు. జాగ్రత్త అవసరమే, అయితే అది అతను చూపిన కారణాల మీద ఉండాలన్నారు.

నన్ను నిజంగా కలవరపెట్టే లోటు మరొకటి ఉంది. నిరుపేద వ్యాజ్యం వేస్తే 33వ ఆర్డరు కోర్టు ఫీజునూ సమన్ల ఫీజునూ తీసేస్తుంది గానీ నిపుణుడి ఫీజు ఊసెత్తదు. ఇక దొంగ నోటు మీద దావా ఎదుర్కొనే కౌలు రైతు ప్రతివాది, ఆ ఆర్డరు ప్రధానంగా చూసే వాది కూడా కాదు. చేవ్రాలు తనది కాదని రుజువు చేయించుకోవడానికి పిటిషన్ వేసినవాడే ముందు సొమ్ము కట్టాలి. గెలిస్తే ఖర్చుల్లో రావచ్చు, కానీ గెలవడానికే ఆ నివేదిక కావాలి. జడ్జి తానే సంతకాలు పోల్చుకునే అధికారం ఉన్నా, ఎవరైనా చూసి దించిన సంతకాన్ని ఉత్త కంటితో పట్టుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. న్యాయసేవాధికార సంస్థలు వకీలుతోపాటు ఈ జమ కూడా తామే కట్టే పద్ధతి మండల స్థాయి కోర్టుల్లో రూఢి కావాలి, 16వ ఆర్డరు కింద జడ్జి మొత్తాన్ని నిర్ణయించాక ఆ సొమ్ము సంస్థ నుంచే నేరుగా కోర్టుకు చేరాలి.