విద్యార్థి మానసికారోగ్యము: ఆంధ్రదేశమున పరిశోధనా చరిత్ర

విద్యాలయములయందు చదువుకొను బాలబాలికల భయమును, దిగులును, ఒంటరితనమును పరిశీలించి, వానికి కారణములను శాస్త్రీయముగా నిర్ణయించి, విద్యాలయముననే నివారణోపాయములను సమకూర్చుటకై జరుగు పరిశోధనకు విద్యార్థి మానసికారోగ్య పరిశోధన యని పేరు. ప్రవేశపరీక్షల శిక్షణకు ప్రసిద్ధి కెక్కిన విజయవాడ, గుంటూరు, మంగళగిరి ప్రాంతమున ఇది పండితుల చర్చకు మాత్రమే పరిమితమైన విషయము కాదు. బిడ్డను హాస్టలులో చేర్చిన ప్రతి కుటుంబమునకును సంబంధించినది.

ఆరంభము

ఈ శాస్త్రము తరగతి గదినుండియే పుట్టినది. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, వర్ణక్రమము ఎంతకును పట్టుబడని యొక బాలుని అతని ఉపాధ్యాయిని లైట్నర్ విట్మర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుని యొద్దకు తోడ్కొనిపోగా, ఆ బాలుని పరీక్షించుటతో మొదటి మనస్తత్వ చికిత్సాలయము ఆరంభమయ్యెను. మన దేశమున, కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షత వహించిన మాధ్యమిక విద్యా సంఘము (1952–53) విద్యార్థులకు మార్గదర్శకత్వము అవసరమని గట్టిగా చెప్పెను. అయితే ఏ చదువు చదువవలెను, ఏ వృత్తి చేపట్టవలెను అను ప్రశ్నలచుట్టునే ఆ మార్గదర్శకత్వము హెచ్చుగా తిరిగినది. చదువే వేదనకు కారణమగునప్పుడు ఏమి చేయవలెనను విచారణ ఆలస్యముగా గాని మొదలు కాలేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థయందు ఈ విచారణకు దోహదము చేసిన మాళవికా కపూర్ 1997లో భారతీయ పాఠశాలల మానసికారోగ్యమును గూర్చి ప్రత్యేక గ్రంథమునే వెలువరించెను.

డెల్టాలో హాస్టలు చదువులు

1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడిన పిదప, ఇంజనీరింగు, వైద్య కళాశాలల సీట్లకై పోటీ పెరుగుచు రాగా, పంటపై వచ్చిన సొమ్మును పిల్లల చదువునకు వెచ్చించుట కృష్ణా డెల్టాలో ఆచారమైపోయినది. తెల్లవారకమునుపే మేల్కొలుపు, పగలెల్ల తరగతులు, రాత్రి స్టడీ అవర్, వారాంతమున పరీక్ష, మార్కులనుబట్టి సెక్షను మార్పు, ఇదియే పలు రెసిడెన్షియల్ కళాశాలల దినచర్య. ఆదివారమునాడు క్యారియరు పట్టుకొని వచ్చిన తల్లి "ఎలా ఉన్నావమ్మా?" అని అడుగగా, బిడ్డ నోట తరచుగా వచ్చు సమాధానము మార్కుల సంగతియే.

విద్యార్థుల బలవన్మరణములు సమాజమును కలచివేయగా, ఉమ్మడి రాష్ట్రమున 2001లో ఆచార్య నీరదారెడ్డి సంఘమును, విభజనానంతరము 2017లో ఆచార్య చక్రపాణి సంఘమును ప్రభుత్వము నియమించినది. గంటలకొలది సాగు చదువు, ఆటపాటల లేమి, ఇరుకు వసతులు, ర్యాంకుల ఒత్తిడి మున్నగు విషయములు ఈ విచారణలలో ప్రధానముగా చర్చకు వచ్చెను. పదునారేండ్ల యెడమున మరల విచారణ అవసరమగుట, మొదటిసారి తెలిసిన సత్యము ఆచరణకు రాలేదనుటకు సాక్ష్యము.

పరిశోధన తెలిపిన సత్యము

బీహారులోని నలందా జిల్లాయందు 74 ప్రభుత్వ పాఠశాలలలో జరిగి, 2018లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడిన 'సేహర్' అధ్యయనము ఈ రంగమున మిక్కిలి విలువైనది. కొన్ని పాఠశాలలలో శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలరును నియమించిరి. కొన్నింట అదే పనిని ఉపాధ్యాయునికే అప్పగించిరి. పిల్లలు తమ బాధలను చీటీపై వ్రాసి వేయుటకు పెట్టె, గోడపత్రిక, సామూహిక చర్చ, ఇవియే అందలి సాధనములు. ఎనిమిది నెలలలో కౌన్సెలరు ఉన్న పాఠశాలలలో వాతావరణము మెరుగుపడి, దిగులు లక్షణములును తోటివారి వేధింపులును తగ్గెను; ఉపాధ్యాయునికి అదనపు బాధ్యతగా అప్పగించినచోట అట్టి ఫలితము కానరాలేదు. బిడ్డ మాట వినుటయే పనిగా గల మనిషి యొకరు ఉండవలెనని దీని సారాంశము. 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి సుమారు 3.8 లక్షలమంది విద్యార్థులను ప్రశ్నింపగా, 81 శాతము మంది చదువు, పరీక్షలు, ఫలితములే తమ ఆందోళనకు కారణమని చెప్పిరి.

చట్టము, సంస్థలు

2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యాయత్నము చేసినవారిని దండనీయులుగా గాక, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావింపవలెనని శాసించినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ అను టెలిఫోను మానసికారోగ్య సహాయ సేవ 14416 సంఖ్యపై తెలుగులోను లభించుచున్నది. విశాఖపట్నమున మరణించిన యొక నీట్ విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హుడైన కౌన్సెలరునో, మనస్తత్వజ్ఞునో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెననియు, మార్కులనుబట్టి బ్యాచీలుగా విడదీయుట, నలుగురిలో అవమానించుట కూడదనియు ఆదేశించినది. తెలుగునాట కలిగిన శోకమునుండి దేశమునకంతటికిని వర్తించు రక్షణ వెలసినది.

2018లో వైద్యవిద్యార్థులను చేర్చుకొని, 2019లో అవుట్ పేషెంటు సేవలను ఆరంభించిన మంగళగిరి ఎయిమ్స్ నందు మనోరోగ వైద్య విభాగము కలదు. అయితే నలందాలో పరీక్షింపబడిన పద్ధతి ఇంటికి పోయివచ్చు పిల్లలకు సంబంధించినది. రాత్రింబవళ్ళు ఒకే ఆవరణమున గడపు హాస్టలు పిల్లలకు అది యెంతవరకు ఉపకరించునో తేల్చు అధ్యయనము డెల్టాకు అత్యవసరము. అందుకు వలసిన వైద్యులును ఇచ్చటనే ఉన్నారు, విద్యాలయములును ఇచ్చటనే ఉన్నవి గనుక, ఆ పనికి పూనుకొనుట ఈ ప్రాంతపు విద్యావేత్తల ప్రథమ కర్తవ్యము.