చోటు లేదన్నది ఎవరు?

మా ఊరి చర్చిలో క్రిస్మసు ముందురోజు రాత్రి పిల్లలు వేసే నాటకంలో నాకు వరుసగా మూడేళ్లు ఒకే వేషం దక్కింది: సత్రం యజమాని. నిండుచూలాలితో వచ్చిన యోసేపుకు చోటు లేదని చెప్పి, దభాలున తలుపు మూసేయాలి. తలుపంటే రెండు కర్రలకు కట్టిన దుప్పటి. అందుచేత ఆ దభాలు కూడా నేనే నోటితో అనవలసి వచ్చేది. నాటకం ముగిశాక తోటి పిల్లలు నన్ను హేరోదు కన్నా హీనంగా చూసేవారు. చాలా ఏళ్ల తరువాత లూకా సువార్త రెండో అధ్యాయాన్ని నింపాదిగా చదివినప్పుడు గాని, ఆ సత్రం యజమాని అందులో లేనే లేడని నాకు తెలియలేదు.

లూకా రాసిన గ్రీకులో ఆ చోటికి వాడిన మాట 'కటాలుమ'. బాటసారి మూటాముల్లె దించుకుని బస చేసే తావు అని దాని భావం. ఇరవై రెండో అధ్యాయంలో యేసు తన శిష్యులతో కడపటి పస్కా విందు చేసిన గదికి కూడా లూకా ఇదే మాట వాడాడు. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టి పడక చూపే ఇంటిని చెప్పవలసి వచ్చినప్పుడు, అంటే మంచి సమరయుని కథలో, 'పండోకియోన్' అనే వేరే మాట వాడాడు. రెండు మాటలూ తెలిసినవాడు, రెండింటినీ వేరువేరుగా ఉంచాడు.

ఇక మన తెలుగు బైబిలు సంగతి. తెలుగు సువార్తల అచ్చు 1812లో శ్రీరాంపురంలో మొదలయింది. అప్పుడు వెలువడిన వాటిలో లూకా కూడా ఉంది. తరువాత వచ్చి, నేటికీ ఇళ్లలో వాడుకలో ఉన్న పాత అనువాదాన్ని తెరిచి చూస్తే, సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చింది పూటకూళ్లవాని ఇంటికి. పస్కా విందు జరిగింది విడిది గదిలో. బేత్లెహేములో చోటు లేనిది సత్రంలో. పూటకూళ్ల ఇంటినీ సత్రాన్నీ కలిపేయకపోవడం ఆ అనువాదకుల నేర్పే. సత్రమంటే ధర్మాత్ములు కట్టించినది, అక్కడ బేరం ఉండదు. అయినా నాకొక చిన్న విచారం మిగిలింది. చేతిలో ఉన్న 'విడిది' అనే చక్కని మాటను ఇక్కడ కూడా వేసి ఉంటే? విడిది అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది పెళ్లివారు, చుట్టాలు, ఎవరో ఒకరు మన కోసం ఖాళీ చేసి ఇచ్చిన ఇల్లు. నా వేషం అప్పుడే ఊడిపోయి ఉండేది!

యోసేపు వెళ్లింది పరాయి ఊరికి కాదు. దావీదు వంశంవాడు దావీదు ఊరికి వెళ్లాడు. పాలస్తీనా పల్లెల్లో సామాన్యుల ఇల్లు తరచుగా ఒకే పెద్ద గది. గుమ్మం దగ్గర నేల పల్లంగా ఉండేది, రాత్రి పశువులను అక్కడికి తోలేవారు; లోపలి అరుగు మీద మనుషులు పడుకునేవారు; మేత వేసే తొట్టి ఆ అరుగు అంచున ఉండేది. సమూయేలు మొదటి గ్రంథంలో సౌలుకు వండిపెట్టిన ఏన్దోరు స్త్రీ దూడ ఇంట్లోనే ఉండటం గమనించదగినది. మత్తయి కూడా జ్ఞానులు ఒక 'ఇంట్లో' ప్రవేశించారనే రాశాడు. చుట్టాల విడిది గది అప్పటికే నిండిపోయి ఉంటే, ఇంటివారు తమ మధ్యనే జరిగి చోటు చేశారనీ, తొట్టి ఆ ఇంటి లోపలిదేననీ అర్థం చెప్పుకోవచ్చు. పండితులంతా దీన్ని ఒప్పుకున్నారని కాదు. రెండో శతాబ్దపు జస్టిన్ ఒక గుహ అని రాశాడు, సత్రమే అనేవారూ ఇంకా ఉన్నారు. సలమాంకా విశ్వవిద్యాలయంలో అలంకారశాస్త్రం చెప్పిన ఫ్రాన్సిస్కో సాంచెస్ అనే ఆచార్యుడు, క్రీస్తు పుట్టింది కొట్టంలో కాదు ఇంట్లోనే అన్నందుకు 1584లో మతవిచారణ సభ ముందు నిలబడి మందలింపు తిన్నాడు. అంతకు ముందే ఈ కథకు రంగస్థలం మీద కొట్టమూ, తలుపు మూసేవాడూ స్థిరపడిపోయారు మరి. ఎద్దూ గాడిదా మాత్రం సువార్తల్లోవి కావు, యెషయా గ్రంథం నుంచి నడిచి వచ్చాయి.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది యోసేపు. ఆనాటి యూదుల్లో ప్రధానం అంటే పెళ్లితో సమానం. దాన్ని రద్దు చేయాలంటే విడాకుల పత్రం కావాలి. ప్రధానమైన పిల్ల తప్పు చేసిందని తేలితే ధర్మశాస్త్రం రాళ్లు చేతికిచ్చింది. ఆమె గర్భవతి అని విన్న యోసేపు ఆమెను నలుగురిలో అవమానపరచకుండా గుట్టుగా విడిచిపెట్టాలనుకున్నాడు. మత్తయి దీన్ని చెప్పిన వరుస చూడండి. ముందు ఆ నిర్ణయం, ఆ తరువాతే కలలో దేవదూత. అంటే తాను మోసపోయాననే అనుకుంటున్న సమయంలో, ఇంకా ఏ సంజాయిషీ వినకముందే, ఆమెకు హాని చేయకూడదనుకున్నాడు. కల రాకపోతే ఆ బంధం తెగిపోయేదే, నిజం. కాని దేవుణ్ణి ఇంట్లోకి పిలవడానికి ముందు ఆ మనిషి లోపల ఏదో కొంత ఖాళీ అయింది. బేత్లెహేము బంధువులకు ఈ గొడవ తెలుసో లేదో లూకా చెప్పడు. తెలిసి కూడా జరిగి చోటిచ్చారని అనుకోవడం నాకిష్టం. అది చరిత్ర కాదు, నా ఆశ.

ఆ ఆశకు కారణం మా ఇల్లే. పొలం గట్టు తగాదాలో మా నాన్నకూ బాబాయికీ రెండేళ్లు మాటల్లేవు. నేను చివరిసారి సత్రం యజమాని వేషం వేసిన రాత్రి, నాటకం అయ్యి ఇంటికి వచ్చేసరికి, నానమ్మ కబురు మీద బాబాయి పిల్లలతో సహా వచ్చి వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తయ్యల కుటుంబాలతో గదులన్నీ నిండిపోయాయి. మిగిలింది పశువుల సావిడి పక్కన వసారా. నానమ్మ ఎవరినీ ఏమీ అడగకుండా అక్కడ గడ్డి పరిచి, పైన జంపఖానా వేయించింది. నాన్న చాలాసేపు దొడ్లోనే తచ్చాడి, ఆఖరికి ఒక బొంత తెచ్చి బాబాయి పక్కన పడేసి అన్నాడు:

"గాడి వైపు పడుకోబెట్టు పిల్లల్ని. ఇటు చలిగాలి కొడుతుంది."