ఏఈ-1 దొరికేదాకా

యుద్ధంలో మునిగిన జలాంతర్గామి అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో 93 మందితో మునిగిపోయింది. నేను పౌరసత్వం తీసుకున్న ఆస్ట్రేలియాకు అంతకంటే పాత గాయం ఒకటుంది. కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల పక్కన పెరిగిన మనవాళ్లకు అది పరాయి కథలా అనిపించదు.

1914లో ఆస్ట్రేలియా నౌకాదళానికి ఉన్న జలాంతర్గాములు రెండే, ఏఈ-1, ఏఈ-2. ఇంగ్లండులో తయారై మే నెలలో సిడ్నీ చేరాయి. ఆగస్టులో ప్రపంచయుద్ధం మొదలైంది. న్యూగినీలో జర్మనీ వలసరాజ్యాన్ని స్వాధీనం చేసుకోవడానికి కదిలిన దళంతో ఏఈ-1 కూడా వెళ్లింది. సెప్టెంబరు 14న రబౌల్ నుంచి గస్తీకి బయల్దేరింది. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో పరమట్టా అనే యుద్ధనౌక వాళ్లు దాన్ని చూశారు. మళ్లీ ఎవరూ చూడలేదు. కెప్టెన్ థామస్ బెసంట్‌తో కలిపి అందులో 35 మంది ఉన్నారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా నావికులు, వాళ్లలో ఒక న్యూజిలాండు మనిషి. నీళ్ల మీద చిన్న చెక్కముక్క గానీ, నూనె తెట్టు గానీ కనబడలేదు.

కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్ గని లోతుల్లో బండ పేలినప్పుడల్లా షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తిన ఆడవాళ్లను తలుచుకోండి. మనుషుల్ని మోసే కేజ్ పైకొచ్చిన ప్రతిసారీ తమవాడి ముఖం కోసం వెతికేవాళ్లు. ఆ 35 ఇళ్లవాళ్లకు ఎదురుచూడటానికి కేజ్ కూడా లేదు.

పన్నెండు సార్లు వెతికినా దొరకలేదు. పదమూడోసారి, 2017 డిసెంబరులో, డ్యూక్ ఆఫ్ యార్క్ దీవుల దగ్గర 300 మీటర్లకు పైబడిన లోతులో దొరికింది. మరుసటి ఏడాది కెమెరాలు దింపి చూస్తే, గాలి లోపలికి వచ్చే వాల్వు ఒకటి పూర్తిగా మూసి లేదు. శత్రువు దెబ్బ కాదు, నీళ్లలోకి దిగేటప్పుడు జరిగిన ప్రమాదమేనని నిపుణుల అంచనా. అయినా ఈ దేశం వాళ్లను యుద్ధంలో ప్రాణమిచ్చినవాళ్లుగానే తలుస్తుంది. నాకు అదే న్యాయం అనిపిస్తుంది. డ్యూటీలో పోయినవాడి ప్రాణం ఫిరంగికి పోయిందా, వాల్వుకు పోయిందా అని తూకం వేయకూడదు. ఓడను పైకి తీయలేదు. సమాధిగా ఉంచి, కచ్చితంగా ఎక్కడుందో బయటపెట్టకుండా కాపాడుతున్నారు.

103 ఏళ్ల తర్వాత కూడా వెతకగలిగారంటే వాళ్ల పేర్లు పోకుండా దాచుకున్నందుకే. మన కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. లోపల పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీ ఇంట్లో గనికి బలైనవాళ్లుంటే, పెద్దవాళ్లను అడిగి పేరు, షాఫ్ట్, సంవత్సరం ఈ వారమే రాసిపెట్టండి.