పన్నెండు టెస్టుల జీవితము

1943లో, యుద్ధకాలమున, ఫిలిప్ రిగ్లీ అను చూయింగ్ గమ్ వ్యాపారి అమెరికాలో స్త్రీలకు వృత్తి బేస్‌బాల్ సంఘమును నెలకొల్పినాడు. ఆటగత్తెలకు జీతము లిచ్చినారు. లంగాలు తొడిగించి నడక తీరును నేర్పినారు. లంగాలతో నేలమీద జారిపడిన మోకాళ్ళ సంగతి శ్రోతలు ఊహించుకొనవచ్చును. 1954లో ఆ సంఘము మూతపడినది. మన దేశమున 1973లో మహిళా క్రికెట్ సంఘము వెలసినది. జీతము మాత్రము చిరకాలము వెలయలేదు.

ఆ కాలపు చరిత్రను మిథాలీ రాజ్ జీవితమందు చూడవచ్చును. 1982లో జోధ్‌పూర్‌లో తమిళ కుటుంబమున పుట్టి, సికిందరాబాదులో పెరిగినారు. పొద్దెక్కువరకు నిద్రించు అలవాటు మాన్పుటకై తండ్రి ఆమెను అన్నతోపాటు మైదానమునకు తీసికొనిపోయినారు. అప్పటికి ఆమె అభ్యాసము భరతనాట్యము. ఆమెను తీర్చిదిద్దిన గురువు సంపత్ కుమార్ 1997లో రోడ్డు ప్రమాదమున మరణించినారు. రెండేండ్లకు, 1999 జూన్ 26న, పదునారేండ్ల ఆ శిష్యురాలు ఐర్లండుపై తొలి పోటీలోనే 114 పరుగులు తీసి అజేయముగా నిలిచినది. గురువు చూడవలసిన దినమది.

2002 జనవరిలో లక్నోలో ఆడిన తొలి టెస్టున ఆమెకు సున్న. అదే యేట ఆగస్టులో, టాంటన్‌లో, ఇంగ్లండుపై 214. అది నాటికి ప్రపంచ రికార్డు. ఇట్టి ఆటగత్తెకు ఎన్ని టెస్టులు దక్కవలెను? ఇరువది మూడేండ్లలో దక్కినవి పన్నెండు! 2006లో ఆమె నాయకత్వమున ఇంగ్లండును ఓడించిన జట్టు, మరల టెస్టు ఆడినది 2014లో. ఎనిమిదేండ్లు! వార్మ్‌స్లీలో ఎనిమిదిమంది క్రొత్తవారితో బరిలో దిగి, ఆమె అజేయమైన అర్ధశతకముతో ఆ టెస్టును సైతము గెలిపించినారు. ఆ ఖాళీ యేండ్ల లెక్క ఏ స్కోరు పుస్తకమునను దొరకదని మా అభిప్రాయము.

ఇక జీవనోపాధి. 2005 ప్రపంచకప్పున తుదిపోటీవరకు పోయినందుకు, పోటీకి వేయి రూపాయల చొప్పున ముట్టినదని ఆమెయే చెప్పినారు. అన్నము పెట్టినది రైల్వే ఉద్యోగము. 2006లో మహిళల ఆట క్రికెట్ బోర్డు క్రిందికి వచ్చినది. వార్షిక ఒప్పందములు 2015లో గాని రాలేదు. 2017లో లార్డ్స్ మైదానమున తుదిపోటీ తొమ్మిది పరుగులతో చేజారినది. 2022 జూన్‌లో, ఒకదిన పోటీలలో 7,805 పరుగులతో, ఆమె ఆట చాలించినారు. మరుసటి యేడే మహిళల ప్రీమియర్ లీగ్ ఆరంభమైనది.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు ప్రపంచకప్పు గెలిచినారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నది. ఆ రాత్రి క్రీడాకారిణులు కప్పును తెచ్చి, మైదానమున నిలిచియున్న మిథాలీ చేతికిచ్చినారు.